కామర్స్ పిల్లలకు ఏఐ ఏం చెప్పాలి, ఎలా చెప్పాలి? టీచర్లు, విద్యార్థులు, వ్యాపారస్తులు అందరూ రాయండి

రాయగడ_కామర్స్_మేడం

అందరికీ నమస్కారం. ఒడిశాలోని రాయగడలో ఒక ప్రైవేటు కాలేజీలో ప్లస్ త్రీ (డిగ్రీ) కామర్స్, బీబీఏ పిల్లలకు అకౌంట్స్ చెబుతాను. వచ్చే సెమిస్టర్ నుంచి ఏఐ మీద ఒక పేపర్ పెడుతున్నారు. అది నా చేతికి వచ్చింది. వారానికి మూడు పీరియడ్లు. ల్యాబ్ ఉంది కానీ ముగ్గురికి ఒక కంప్యూటర్. మధ్యాహ్నం దాటితే నెట్ సరిగా రాదు.

నాకు చూపించిన నమూనా సిలబస్‌లో మొదటి యూనిట్ న్యూరల్ నెట్‌వర్క్‌ల (ఏఐ లోపల నడిచే లెక్కల అల్లిక) గణితం, చివరి యూనిట్ ప్రాంప్ట్‌లు (ఏఐకి మనం ఇచ్చే ఆదేశాలు) రాయడం. మధ్యలో ఉన్నవి కంపెనీల పేర్లు, గొప్ప గొప్ప మాటలు. మొదటిది మా పిల్లలకు అందదు. చివరిదాంట్లో వాళ్లు ఇప్పటికే నాకంటే ముందున్నారు. వాళ్లకు నిజంగా కావలసింది ఈ రెండింటి మధ్య ఎక్కడో ఉందని నా నమ్మకం. అదేమిటో అందరం కూర్చుని తేల్చుకుందామని అడుగుతున్నాను.

మా పిల్లలు ఎటు వెళ్తారో కూడా చెప్పాలి. రైసు మిల్లుల్లో అకౌంటెంట్లు, జీఎస్టీ ప్రాక్టీషనర్ల దగ్గర అసిస్టెంట్లు, ఫైనాన్స్ కంపెనీల్లో కలెక్షన్ ఉద్యోగాలు, సొంత దుకాణాలు. కొద్దిమంది భువనేశ్వర్, విశాఖ వెళ్లి ఎంబీఏ చేస్తారు. ఇంట్లో కొందరు తెలుగు మాట్లాడతారు, కొందరు ఒడియా, కొందరు కువి (కొంధుల భాష). పరీక్ష మాత్రం ఇంగ్లీషులో. ఈ పిల్లలకు పనికొచ్చేది చెప్పండి.

---

బరంపురం_టెక్

మేడం, బరంపురంలో పుట్టి పెరిగాను, ఇప్పుడు భువనేశ్వర్‌లో సాఫ్ట్‌వేర్. నా మాట కొంచెం కటువుగా ఉండొచ్చు. కోడ్ ముట్టుకోకుండా ఏఐ చెబితే అది వక్తృత్వ పోటీ అవుతుంది. పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాష బేసిక్స్ నాలుగు వారాలు, తర్వాత చిన్న డేటా తీసుకుని ఒక మోడల్, అంటే ఆ డేటా నుంచి నేర్చుకుని జవాబు చెప్పే ప్రోగ్రామ్, కట్టించండి. చేత్తో చేస్తేనే లోపల ఏం జరుగుతుందో తెలుస్తుంది. కామర్స్ పిల్లలు కదా అని తేలిక చేసి చెబితే రేపు ఇంటర్వ్యూలో వాళ్లే నష్టపోతారు.

---

పర్లాకిమిడి_మాస్టారు

అమ్మా, స్టాటిస్టిక్స్ చెప్పి రిటైరయినవాణ్ని. బరంపురం బాబు చెప్పినదాంట్లో చేత్తో చేయించాలన్న మాట అక్షరాలా నిజం. దానికి పైథానే కావాలన్న మాట మాత్రం ఒప్పుకోను. నాలుగు వారాలు కామా ఎక్కడ పెట్టాలి, స్పేస్ ఎక్కడ వదలాలి అన్నదానికే పోతాయి. ఆ తర్వాత మోడల్ 95 శాతం కరెక్టు అని చూపిస్తే పిల్లలు చప్పట్లు కొట్టి ఇంటికి వెళ్తారు. ఆ 95 శాతం అంటే ఏమిటో అప్పటికీ తెలియదు.

నేనైతే సుద్దముక్కతో మొదలుపెడతాను. బోర్డు మీద ఈ లెక్క వేయండి.

ఒక షాపుకి 1000 యూపీఐ చెల్లింపులు వచ్చాయి. వాటిలో 10 మోసాలు, 990 మంచివి. మోసం పట్టే ఏఐ టూల్ ఒకటి కొన్నారు. అది ఆ 10లో 9 పట్టింది. మంచి వాటిలో కూడా 50ని అనుమానించి ఆపింది. అంటే మొత్తం 59 ఆపింది, వాటిలో నిజమైన మోసాలు 9 మాత్రమే. ఇప్పుడు అది ఎన్ని సరిగ్గా చెప్పిందో లెక్కపెట్టమనండి. పట్టిన మోసాలు 9, సరిగ్గా వదిలేసినవి 940. మొత్తం 949. అంటే 94.9 శాతం.

ఇంకో టూల్ తెచ్చామనుకోండి. అది ఏమీ చూడదు, అన్నింటికీ 'సరే' అంటుంది. దాని మార్కు 99 శాతం. ఇక్కడ క్లాసులో కాసేపు మాట ఉండదు. ఆ తర్వాత గోల మొదలవుతుంది. ఒక్క మోసం కూడా పట్టనిది మెరుగ్గా ఎలా కనిపించింది అని వాళ్లే అడుగుతారు. అడిగేదాకా మీరు చెప్పకండి.

ఆ పైన డబ్బు పెట్టండి. ఒక మోసం తప్పిపోతే షాపుకి 5,000 నష్టం అనుకుందాం. టూల్ 9 పట్టింది కాబట్టి 45,000 మిగిలింది. అనవసరంగా ఆగిన 50 మందితో ఫోన్లో మాట్లాడి సర్దిచెప్పడానికి మనిషికి 40 రూపాయల చొప్పున 2,000 ఖర్చయింది. టూల్ కొనొచ్చు. కానీ ఆ 50 మందీ కోపం వచ్చి వేరే షాపుకి పోయారు, ఒక్కొక్కరి మీద 1,000 లాభం పోయింది అనుకుంటే? 50,000 నష్టం. టూల్ అదే, దాని తప్పులూ అవే. మారింది తప్పు ఖరీదు ఒక్కటే, నిర్ణయం తలకిందులైంది.

ఇది కామర్స్ పిల్లల సొంత ఇలాకా. ఇంజినీరింగ్ పిల్లవాడు మోడల్ కడతాడు, ఏ తప్పు ఎంత ఖరీదు అని అడగాల్సినవాడు మీ పిల్లవాడు. దీనికి ఒక్క కంప్యూటర్ కూడా అక్కర్లేదు.

---

గుణుపురం_బీబీఏ_ఫైనల్

నేను స్టూడెంట్‌ని. నిజం చెప్తున్నా, మా క్లాసులో అసైన్‌మెంట్ అంటే అందరం చాట్‌జీపీటీయే. 2022 నవంబర్ చివర్లో అది వచ్చినప్పుడు మేం ప్లస్ టూ కూడా పూర్తి చేయలేదు. అంటే మా డిగ్రీ మొత్తం దానితోనే నడిచింది. సార్లు వాడొద్దు అంటారు, లేకపోతే చూసీ చూడనట్టు వదిలేస్తారు. ఎలా వాడాలో, ఎక్కడ నమ్మకూడదో ఒక్కరూ చెప్పలేదు.

నా టెన్షన్ వేరు. మేం చేయబోయే ఉద్యోగాలే అది చేసేస్తుంది అంటున్నారు. బిల్లులు ఎంట్రీ వేయడం, లెటర్లు రాయడం, రిపోర్టులు తయారు చేయడం. అప్పుడు మమ్మల్ని ఎందుకు తీసుకుంటారు? ఈ పేపర్‌లో దీనికి జవాబు ఉంటుందా మేడం?

---

రాయగడ_కామర్స్_మేడం

మాస్టారు గారూ, ఆ లెక్క రేపే మా సెకండియర్‌తో చేయిస్తాను. కాస్ట్ అకౌంటింగ్ పీరియడ్‌లోనే సరిపోతుంది.

గుణుపురం బాబూ, నీ ప్రశ్నకు జవాబు లేకపోతే ఈ పేపర్ ఎందుకు? తొందరపడి ఏదో ఒకటి చెప్పను. పనిచేసేవాళ్లు ఇక్కడ ఉన్నారు, వాళ్లనే చెప్పనిద్దాం.

---

రాయగడ_జీఎస్టీ

నేను జీఎస్టీ, ఇన్‌కంటాక్స్ రిటర్నులు వేస్తాను. నా దగ్గర ఇద్దరు కామర్స్ పిల్లలు పనిచేస్తున్నారు. ఇద్దరూ ఏఐ వాడతారు, నేనే వాడమన్నాను. తమ్ముడికి నా అనుభవం నుంచి చెప్తాను.

రోజూ వచ్చే ఉదాహరణ ఇది. షాపు బ్యాంకు ఖాతా నుంచి యజమాని తన ఎల్‌ఐసీ ప్రీమియం కట్టాడు. బ్యాంక్ స్టేట్‌మెంట్ ఇచ్చి ఎంట్రీలు వేయమంటే ఏఐ టూల్ దాన్ని 'ఇన్సూరెన్స్ ఖర్చు' కింద వేసింది. అక్షరాలు చూస్తే అది సబబే, ఇన్సూరెన్స్ అని ఉంది కదా. కానీ అది షాపు ఖర్చు కాదు, యజమాని సొంతానికి తీసుకున్న డబ్బు. డ్రాయింగ్స్ కింద పోవాలి. అలా వదిలేస్తే లాభం తగ్గుతుంది, పన్ను తప్పు పడుతుంది. నోటీసు వచ్చేది యజమానికి, తిట్లు పడేది నాకు. ఫస్టియర్‌లో నేర్చుకున్న వ్యాపార అస్తిత్వ భావన (షాపు వేరు, యజమాని వేరు అని లెక్క రాయడం) ఇదే. అది బాగా వచ్చిన పిల్లవాడు సెకనులో పట్టుకుంటాడు. రానివాడికి స్క్రీన్ మీద అందంగా కనిపించిన పట్టిక తప్పు అని ఎప్పటికీ తెలియదు.

రెండోది రేట్లు. 2025 సెప్టెంబర్ 22 నుంచి జీఎస్టీ శ్లాబులు మారాయి. నెయ్యి 12 నుంచి 5కి వచ్చింది, షాంపూ 18 నుంచి 5కి, వ్యక్తిగత జీవిత బీమా ప్రీమియం మీద ఉన్న 18 పూర్తిగా పోయింది. నెట్‌లో వెతికే ఆప్షన్ ఆపేసి చాట్‌బాట్‌ని అడిగితే నెయ్యికి 12 అని ధీమాగా చెప్పడం చూశాను. అది నేర్చుకున్న సమాచారం ఒక తారీఖు దగ్గర ఆగిపోయి ఉంటుంది. ఆ తర్వాత మారింది దానికి తెలియదు, తెలియదని కూడా చెప్పదు. మేడం, ఈ ప్రయోగం క్లాసులో చేయించండి. పిల్లలు ప్రభుత్వ నోటిఫికేషన్ తెరిచి పక్కపక్కన పెట్టి చూసుకోవాలి.

తమ్ముడూ, ఎంట్రీలు కొట్టడానికి మాత్రమే వచ్చే మనిషి అవసరం తగ్గుతుంది, అది దాచడం తప్పు. నేనే ఇంతకుముందు ముగ్గురిని పెట్టుకునేవాణ్ని. కానీ అది వేసిన ఎంట్రీ సరిగా ఉందో లేదో చూసి, ఎందుకు తప్పో పార్టీకి అర్థమయ్యేలా చెప్పే మనిషి కోసం వెతుకుతూనే ఉన్నాను, దొరకడం లేదు. అకౌంట్స్ గట్టిగా నేర్చుకో. ఏఐ వచ్చాక దాని విలువ పెరిగింది.

---

బరంపురం_టెక్

జీఎస్టీ అన్నగారి ఎల్‌ఐసీ ఉదాహరణ చాలా బాగుంది. సరే, పైథాన్ మీద పట్టు వదులుతాను. కానీ లోపల ఏం జరుగుతుందో కొంచెమైనా తెలియకపోతే, ఎక్కడ తప్పు చేస్తుందో ఊహించడం రాదు. ఊరికే 'తప్పులు చేస్తుంది జాగ్రత్త' అంటే పిల్లలకు భయం వస్తుంది, తెలివి రాదు. అందుకని కోడ్ లేకుండా లోపలి సంగతి చెప్పే రెండు పద్ధతులు రాస్తున్నాను.

ఒకటి, చాట్‌బాట్ ఎలా మాట్లాడుతుందో చూపించడం. బోర్డు మీద 'నెల మొదటి తారీఖున షావుకారు...' అని రాసి ఆపండి. ప్రతి పిల్లా పిల్లవాడూ తర్వాతి మాట ఒకటి చీటీ మీద రాయాలి. చీటీలు పోగేసి లెక్కపెట్టండి. 'జీతాలు' ఎక్కువమంది రాస్తారు, 'అద్దె' కొందరు, 'పూజ' కొందరు. ఎక్కువసార్లు వచ్చినదాన్ని ఎంచుకుని, మళ్లీ ఆ తర్వాతి మాట. భాషా మోడల్ చేసేది ఇదే, కొన్ని లక్షల కోట్ల మాటలు చదివి ఆ ఊహను పదును పెట్టుకుంటుంది. ఇప్పుడు అసలు విషయం. 'మన ఊరి మిల్లులో 2011లో పనిచేసిన వాళ్లు మొత్తం...' అని రాసి ఆపండి. ఎవరికీ తెలియదు. అయినా చీటీల్లో 340 అనో 1200 అనో నమ్మేలా ఉండే అంకెలే వస్తాయి. చీటీ ఖాళీగా ఇవ్వొచ్చని మీరు చెప్పలేదు కాబట్టి అందరూ ఏదో ఒకటి రాస్తారు. లేని కేసులు, లేని అంకెలు ఎక్కడి నుంచి పుడతాయో పిల్లలకు అప్పుడు తెలుస్తుంది. 2023లో న్యూయార్క్‌లో ఒక విమానయాన సంస్థ మీద కేసులో లాయర్లు చాట్‌జీపీటీ కల్పించిన తీర్పులను కోర్టులో దాఖలు చేసి 5,000 డాలర్ల జరిమానా కట్టారు. చీటీల ఆట తర్వాత ఈ కేసు చెప్పండి, ముందు కాదు.

రెండోది బొమ్మలతో. గూగుల్ వాళ్ల టీచబుల్ మెషీన్ అనే ఉచిత టూల్ బ్రౌజర్‌లోనే నడుస్తుంది. ఒక ల్యాప్‌టాప్, వెబ్‌కామ్, ప్రొజెక్టర్ చాలు. జీడిపప్పు తెప్పించండి. విరగని పప్పు ఒక గుంపు, బద్దలు ఒక గుంపు. ట్యూబ్‌లైటు కింద తెల్ల కాగితం మీద పెట్టి ఒక్కో గుంపుకి వంద ఫొటోలు తీయించండి. నిమిషంలో నేర్చేసుకుంటుంది, చక్కగా వేరు చేస్తుంది. తర్వాత అదే పప్పు తీసుకుని కిటికీ దగ్గర ఎండలో, నీలం రంగు ట్రే మీద పెట్టి చూపించండి. తడబడుతుంది. పప్పు మారలేదు, వెలుతురు, వెనక రంగు మారాయి. అది పప్పుతో పాటు కాగితాన్నీ నేర్చుకుంది. ఫ్యాక్టరీలో గ్రేడింగ్ మిషన్ అమ్మడానికి వచ్చినవాణ్ని 'ఏ వెలుతురులో పరీక్షించారు, మా సరుకు మీద చేసి చూపిస్తారా' అని అడగడం అక్కడ నేర్చుకుంటారు. కొనేవాడికి ఆ ప్రశ్న వచ్చు అంటే చాలు.

మేడం, మీ సొంత చదువు కోసం ఫిన్లాండ్‌లో హెల్సింకి విశ్వవిద్యాలయం వాళ్లు 2018లో మొదలుపెట్టిన ఎలిమెంట్స్ ఆఫ్ ఏఐ కోర్సు చూడండి. ఉచితం, ప్రోగ్రామింగ్ అక్కర్లేదు.

---

పట్టు_షాపు_ఇంటివాణ్ని

మాది బరంపురం పట్టు వ్యాపారం. తాతల కాలం నుంచి మగ్గం ఉన్న దేవాంగుల ఇల్లు. నేను ఎంబీఏ చేసి ఆన్‌లైన్ అమ్మకాలు చూస్తున్నాను.

చీరల వివరణలు ఏఐతో రాయించి చూశాను. ఇంగ్లీషు తేటగా వచ్చింది. కానీ మా బరంపురం పట్టుకు కంచి చీర లక్షణాలన్నీ అంటగట్టింది. మా అంచులో గుడి గోపురంలా మెట్లు మెట్లుగా వచ్చే ఫోడా కుంభ గురించి ఒక్క మాట లేదు. భౌగోళిక గుర్తింపు ఉన్న చీర ఇది, ఆ అంచే దాని ముఖం. కంచి గురించి నెట్‌లో బోలెడంత రాత ఉంది, మా గురించి తక్కువ. ఎక్కువ చదివిందే ఎక్కువ చెబుతుంది. దాన్ని అలాగే పెట్టేస్తే రేపు ఇంకో టూల్ మా సైటు చదివి అదే నిజమనుకుంటుంది. అందుకే మా అమ్మను కూర్చోబెట్టి ఆమె చెప్పింది నేను రాసుకున్నాను, తర్వాత ఏఐకి ఇచ్చి ఇంగ్లీషు సరిచేయించాను. ఆ వరస బాగా కుదిరింది. మేడం, మీ పిల్లలు వాళ్లకు బాగా తెలిసిన ఊరి సరుకు ఒకటి ఎంచుకుని ఏఐ ఏం చెబుతుందో రాయించి, ఇంట్లో పెద్దవాళ్ల చేత దిద్దించుకుని రమ్మనండి.

ఇంకో సంగతి. మా షాపులో పనిచేసే అబ్బాయి ఒకసారి కస్టమర్ల లిస్టు, పేర్లు, ఫోన్ నంబర్లు, ఎవరు ఎంత బాకీ, అంతా తీసుకెళ్లి ఉచిత చాట్‌బాట్‌లో పెట్టి 'దీపావళికి ఎవరికి మెసేజ్ పెట్టాలి' అని అడగబోయాడు. పక్కనే ఉన్నాను కాబట్టి ఆపాను. ఆ అబ్బాయికి చెడు ఉద్దేశం లేదు, అది బయటి కంపెనీ సర్వర్‌కి వెళ్తుందని ఆలోచనే రాలేదు. 2023లో వ్యక్తిగత డేటా రక్షణ చట్టం వచ్చింది, 2025 నవంబర్‌లో నియమాలు కూడా వచ్చాయి, విడతలవారీగా అమలవుతాయి. పెద్ద ఉల్లంఘనకు జరిమానా 250 కోట్ల దాకా ఉంది. చట్టం సంగతి అలా ఉంచినా, ఎవరింట్లో పెళ్లికి ఎంత బాకీ పెట్టారో బయటికి పోతే మా ఊళ్లో మళ్లీ తల ఎత్తుకోలేం. పేరు తీసేయడం, నంబర్ తీసేయడం, 'కస్టమర్ ఒకటి, రెండు' అని మార్చి ఇవ్వడం, ఇది రెండో పీరియడ్‌లోనే నేర్పించేయండి.

---

ధర్మాబాద్_అడ్తి

నేను నాందేడ్ జిల్లా ధర్మాబాద్. మిర్చి అడ్తి దుకాణంలో లెక్కలు రాస్తా, బీకాం. మాకు ఇటు మరాఠీ, అటు నిజామాబాద్ తెలుగు. ఒకటే ప్రశ్న. మిర్చి ధర వచ్చే నెల ఎంతుంటుందో ఏఐ చెబుతుందని ఒకాయన యాప్ అమ్ముతున్నాడు. పోయిన మూడేళ్ల ధరలతో పోల్చి చూపించిండు, గీతలు అచ్చం కలిసినయి. కొనుమంటారా?

---

పర్లాకిమిడి_మాస్టారు

నాయనా, ఆయన చూపించిన ఆ మూడేళ్ల ధరలతోనే యాప్ నేర్చుకుందా, లేక అది ఎన్నడూ చూడని ధరలతో పరీక్షించాడా? ముందు ఇది అడుగు. నేర్చుకున్నదాన్నే అప్పజెపితే గీతలు కలవకేం చేస్తాయి? ప్రశ్నపత్రం ముందే ఇచ్చి పరీక్ష పెట్టినట్టు. రాబోయే ఆరు వారాలకు వారం వారం ధర ఇప్పుడే కాగితం మీద రాసి సంతకం పెట్టమను, డబ్బు తర్వాత ఇస్తానను. పక్కనే నువ్వూ ఒక ఊహ రాసి పెట్టుకో, 'వచ్చే వారం ధర ఈ వారం ధరే' అని. చాలా యాప్‌లు ఈ మొద్దు ఊహను కూడా దాటలేవు.

పెద్దవాళ్లకే దెబ్బ తగిలింది. అమెరికాలో జిల్లో అనే ఇళ్ల వ్యాపార సంస్థ తమ లెక్కల అంచనాల మీద ఆధారపడి ఇళ్లు కొని అమ్మింది. ధరలు అనుకున్నట్టు నడవలేదు. 2021 నవంబర్‌లో ఆ విభాగమే మూసేసి, సిబ్బందిలో దాదాపు నాలుగో వంతు మందిని తీసేస్తామని ప్రకటించింది. వాళ్ల దగ్గర డేటా తక్కువా? లేదు. మార్కెట్ మలుపు తిరిగితే పాత ధరలు దారి చూపించవు. మిర్చికి వానలు, తెగుళ్లు, ఎగుమతి ఆర్డర్లు, కోల్డ్ స్టోరేజీలో మిగిలిన సరుకు ఎన్ని ఉన్నాయి! యాప్‌లో అవి ఉన్నాయా అని కూడా అడుగు.

---

ధర్మాబాద్_అడ్తి

అడిగిన సార్. చూపించిన ధరలే దాంట్ల వేసినమన్నడు. ఆరు వారాల మాట విని మళ్ల ఫోన్ చేస్తనన్నడు.

---

జైపూర్_బ్యాంక్

కోరాపుట్ జిల్లా జైపూర్‌లో బ్యాంకులో లోన్లు చూస్తాను. చర్చ చదువుతుంటే ఒక ముఖ్యమైనది ఎవరూ అనలేదనిపించింది.

లోను రాలేదని తెలిసి కౌంటర్ దగ్గరకొచ్చిన మనిషికి 'కంప్యూటర్ ఒప్పుకోలేదమ్మా' అని చెప్పి పంపేయడం ఈ రోజుల్లో మామూలైపోయింది. ఆ మాట నాకు చాలా బాధ కలిగిస్తుంది. స్కోరు ఇచ్చింది యంత్రమైనా, లోను ఇవ్వనిది బ్యాంకు. కారణం చెప్పాల్సింది మనిషి. ఈ ప్రాంతంలో ఎంతోమంది ఆడవాళ్లు స్వయం సహాయక బృందాల్లో ఏళ్ల తరబడి అప్పు తీసుకుని, ఒక్క వాయిదా తప్పకుండా తీర్చినవాళ్లు. అది గ్రూపు పేరున జరిగింది కాబట్టి ఆమె సొంత రికార్డులో సరిగా కనిపించకపోవచ్చు. మోడల్‌కి ఆమె కొత్త మనిషి, అనుమానించాల్సిన మనిషి. కులం, తెగ అడగకపోయినా పిన్‌కోడ్ అడిగితే చాలు, కొన్నిచోట్ల ఆ సమాచారం దాంట్లోనే వచ్చేస్తుంది.

పిల్లలకు చెప్పడానికి అమెజాన్ కథ ఉంది. ఉద్యోగ దరఖాస్తులను వడపోయడానికి వాళ్లు ఒక టూల్ కట్టుకున్నారు. అది పదేళ్ల పాత దరఖాస్తుల నుంచి నేర్చుకుంది. వాటిలో ఎక్కువ మగవాళ్లవి. దాంతో ఆడవాళ్లకు సంబంధించిన మాట కనిపిస్తే మార్కులు తగ్గించడం మొదలుపెట్టింది. సరిచేయబోయి చివరికి వదిలేశారు. 2018లో రాయిటర్స్ బయటపెట్టింది. చెడ్డవాడెవడూ కూర్చుని అలా రాయలేదు. పాత అలవాటే కొత్త నియమమైంది.

మన దేశంలోనూ ఆలోచన మొదలైంది. ఐఐటీ బొంబాయి ప్రొఫెసర్ పుష్పక్ భట్టాచార్య అధ్యక్షతన రిజర్వ్ బ్యాంకు వేసిన కమిటీ 2025 ఆగస్టులో నివేదిక ఇచ్చింది. అందులో ఏడు సూత్రాలు. నమ్మకమే పునాది, మనిషికే మొదటి చోటు, నిర్ణయం అర్థమయ్యేలా ఉండాలి, జవాబుదారీతనం ఉండాలి అన్నవి వాటిలో ఉన్నాయి. బీబీఏ పిల్లలకు కష్టమైన పాఠ్యపుస్తకం బదులు ఆ సూత్రాలు ఇచ్చి, ఒక్కోదానికి మన కౌంటర్ దగ్గర జరిగే సంఘటన రాయమనండి.

క్లాసులో నాటకం లాగా కూడా వేయించొచ్చు. ఒకరు బ్యాంకు ఉద్యోగి, ఒకరు లోను రాని అమ్మ. మోడల్ ఇచ్చిన కారణాలు కాగితం మీద ఉంటాయి. వాటిని ఆమెకు తెలుగులోనో ఒడియాలోనో చెప్పాలి, ఏం చేస్తే మళ్లీ దరఖాస్తు పెట్టుకోవచ్చో కూడా చెప్పాలి. 'కంప్యూటర్' అన్న మాట వాడకూడదు. చాలా కష్టపడతారు, చూడండి.

---

రాయగడ_జీఎస్టీ

జైపూర్ మేనేజర్ గారు అన్నదానికి నాదొక కేసు. ఎయిర్ కెనడా వెబ్‌సైట్‌లో చాట్‌బాట్ ఒక ప్రయాణికుడికి టికెట్ రాయితీ గురించి తప్పు చెప్పింది. ఇంట్లో చావు జరిగి వెళ్తున్న మనిషి. తర్వాత రాయితీ అడిగితే కంపెనీ ఇవ్వలేదు. చాట్‌బాట్ చెప్పినదానికి చాట్‌బాటే బాధ్యత అన్నట్టు వాదించింది. 2024 ఫిబ్రవరిలో బ్రిటిష్ కొలంబియా ట్రిబ్యునల్ ఆ వాదనను కొట్టేసి, వెబ్‌సైట్‌లో ఉన్న ప్రతి మాటకూ కంపెనీదే బాధ్యత అని డబ్బు ఇప్పించింది. మా ఊళ్లోనూ వాట్సాప్ బాట్‌లు పెట్టుకునే దుకాణాలు వస్తున్నాయి. బాట్ 'వాపసు తీసుకుంటాం' అంటే షావుకారు తీసుకోవాలి.

---

గుణుపురం_బీబీఏ_ఫైనల్

నిన్న మా ఇంటివాళ్ల కిరాణా షాపు నెల లెక్కలు ఏఐకి ఇచ్చి లాభం లెక్కకట్టమన్నా. పేర్లు తీసేసే ఇచ్చాను. ఇంటికి వాడుకున్న సరుకు కూడా అమ్మకంలో కలిపేసింది! డ్రాయింగ్స్ కింద నేనే మార్చాను. జీఎస్టీ సార్ చెప్పకపోతే కనిపెట్టేవాణ్ని కాదు.

భాష గురించి కూడా అడగాలి. ఇంగ్లీషులో అడిగితే జవాబు బాగా వస్తుంది, తెలుగులో అడిగితే పొడి పొడిగా వస్తుంది, ఒక్కోసారి తప్పు కూడా. నా ఫ్రెండ్ ఇంట్లో సవర (ఇక్కడి గిరిజన భాష) మాట్లాడతారు, ఆ భాషలో అడిగితే జవాబు అసలేమీ రాదు. ఎందుకలా?

---

బరంపురం_టెక్

తమ్ముడూ, నెట్‌లో ఇంగ్లీషు రాత కొండంత ఉంటే తెలుగు గుప్పెడు, సవర దాదాపు సున్నా. పైగా మోడల్ వాక్యాన్ని ముక్కలు చేసి చదువుతుంది. అదే సంగతి తెలుగులో చెబితే చాలా మోడళ్లలో ఇంగ్లీషు కంటే ఎక్కువ ముక్కలవుతుంది. ముక్క లెక్కన డబ్బు కట్టే సర్వీసుల్లో మన భాషకు ఖర్చూ ఎక్కువే. బాట్ పెట్టుకుందామనుకునే షాపువాడికి ఇది తెలియాల్సిన విషయం. 2022లో మొదలైన కేంద్ర ప్రభుత్వ భాషిణి, ఐఐటీ మద్రాసులోని ఏఐ ఫర్ భారత్ వాళ్లు మన భాషల కోసం పనిచేస్తున్నారు, మెరుగవుతోంది.

---

పర్లాకిమిడి_మాస్టారు

భాష మాట వచ్చింది కాబట్టి మా ఊరి సంగతి చెప్పకుండా ఉండలేను. గిడుగు రామమూర్తి పంతులు గారు 1880 నుంచి పర్లాకిమిడి రాజావారి బడిలో పాఠాలు చెప్పారు. సవర నేర్చుకుని, సవర పిల్లలకు వాళ్ల భాషలోనే బడులు పెట్టించారు. అర్థం కాని భాషలో వల్లె వేయించడం చదువు కాదని ఆయన జీవితమంతా పోరాడారు. అమ్మా, పరీక్ష ఇంగ్లీషులో ఉండనీ, మీరు మాత్రం క్లాసులో తెలుగు, ఒడియా, కువి ఏది వస్తే అది మాట్లాడనివ్వండి. 'ఈ టూల్ ఎందుకు తప్పు చెప్పింది' అన్న ప్రశ్నకు ఇంటి భాషలో జవాబు చెప్పలేని పిల్లవాడికి అది అర్థం కాలేదన్నట్టే.

---

రాయగడ_కామర్స్_మేడం

అందరికీ చేతులెత్తి నమస్కారం. సుద్దముక్క లెక్క చేయించాను. మాస్టారు గారు అన్నట్టే 99 శాతం దగ్గర గోల అయింది. వెనక బెంచీలో ఎప్పుడూ నోరెత్తని అమ్మాయి లేచి 'అయితే మేడం, ఆ కంపెనీ ప్రకటనలో 99 అని రాసుకుంటుందా' అని అడిగింది. ఇంత మంచి ప్రశ్న ఈ ఏడాది నా క్లాసులో ఇంకోటి రాలేదు.

సిలబస్ వరస ఇలా అనుకుంటున్నాను. ముందు తప్పు ఖరీదు లెక్క, తర్వాత చీటీల ఆట, జీడిపప్పు. ఆ పైన ఎక్కువ వారాలు బిల్లులు, బ్యాంక్ స్టేట్‌మెంట్ల మీదే. ఏఐ చేసిన పనిని పిల్లలు ఎర్ర పెన్నుతో దిద్దాలి, ప్రతి దిద్దుబాటు పక్కన కారణం రాయాలి. ప్రాంప్ట్‌లకు విడిగా యూనిట్ తీసేస్తాను, పనిలో భాగంగా అదే వస్తుంది. ఇంటర్నల్ మార్కుల్లో సగం నోటి పరీక్షకి. జైపూర్ మేనేజర్ గారి నాటకమే ఆ పరీక్ష. న్యూరల్ నెట్‌వర్క్‌ల గణితం ఆసక్తి ఉన్నవాళ్లకు సాయంత్రం విడిగా చెప్పడానికి బరంపురం బాబు ఆన్‌లైన్‌లో వస్తానంటే నాకు సంతోషం.

ఒక్కటే లోటు. దిద్దించడానికి నిజమైన కాగితాలు కావాలి. పుస్తకాల్లో ఉండే రాము ట్రేడర్స్, శ్యాము ట్రేడర్స్ లెక్కలు ఏఐకి కంఠతా వచ్చు, వాటిలో తప్పులు దొరకవు.

---

బరంపురం_టెక్

శుక్రవారం సాయంత్రాలు నాకు కుదురుతుంది మేడం. కోడ్ లేకుండా, ఎక్సెల్‌లోనే చూపిస్తాను.

---

రాయగడ_జీఎస్టీ

మేడం, మూసేసిన ఒక కిరాణా షాపు పాత కొనుగోలు బిల్లులు, క్యాష్ పుస్తకం నా దగ్గర ఉన్నాయి. యజమానిని అడిగాను, సరే అన్నారు. పేర్లు, జీఎస్టీ నంబర్లు, ఫోన్లు నల్ల స్కెచ్‌తో కొట్టేసి జిరాక్స్ తీయించి ఇస్తాను. యజమాని ఇంటి ఖర్చులు మూడు చోట్ల షాపు ఖర్చుల్లో కలిసిపోయి ఉన్నాయి, ఎక్కడెక్కడో పిల్లలకు ముందే చెప్పకండి. శనివారం పదకొండు తర్వాత ఎవరినైనా పంపండి.